అచ్యుతాపురానికి అద్దాల బస్సు

ఆంధ్రప్రదేశ్‌లో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చేశారు. సంతోషం. ప్రత్యేక హోదా అడిగి అడిగి నోరెండిన రాష్ట్రంలో ఎవరికో ఒకరికి ఏదో ఒక హోదా దక్కింది. ఇకమీదట అరకు పరిశ్రమ. లంబసింగి చలి పరిశ్రమ. వంజంగి కొండ కింద తెల్లారగట్ల పరుచుకునే పాలమబ్బు భారీ పరిశ్రమ. టూరిజం తప్ప ఏ ఇజమూ మిగలదని ముఖ్యమంత్రి గారు చెబుతూనే ఉన్నారు కాబట్టి, ఆ ఇజంలో మమ్మల్నీ చేర్చుకోమని ఫ్యాక్టరీల సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) ఉన్న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం తరఫున ఒక అర్జీ. పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చిన చేత్తోనే మా పరిశ్రమలకు పర్యాటక హోదా ఇప్పించండి.

అర్హత లేదంటారేమో, చిత్తగించండి. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖను కోసి అల్లూరి జిల్లాకు మంచు రాసిచ్చారు, అనకాపల్లి జిల్లాకు పొగ రాసిచ్చారు. మంచు చూడాలంటే చలికాలం దాకా కాచుకోవాలి, చీకటితో లేవాలి, ఎండ ముదిరితే అదీ ఉండదు. మాకా బెంగ లేదు. సెజ్ గొట్టాలకు మార్గశిరమైనా రోహిణి కార్తె అయినా ఒకటే. అధికారులు నిద్రపోయే వేళ మరీ చిక్కగా ఉంటుంది. పైగా అరకు మంచుకు వాసన లేదు, మా పొగకు ఉంది. జంక్షన్‌లో టీ తాగుతున్న శ్రీకాకుళం కుర్రాడితో ఈ మాటే అంటే, నైట్ షిఫ్ట్ కళ్లు నులుముకుంటూ అడిగాడు: "డబ్బులెట్టి మంచు సూడ్డానికి ఎల్తారేటి సార్? ఆళ్లకి సెలవులిస్తారా?"

రైలు లేదుగా అంటారు. 2017లో విశాఖ నుంచి అరకుకు అద్దాల బోగీ వేశారు. ఆ లైను ఎవరి విహారం కోసం పడింది? బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు దింపి జపాన్ పంపడానికి. అరకులో అందరూ ఫొటోలు దిగే పద్మాపురం తోట రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు కూరగాయలు పండించిన నేల. ఖనిజం దారి విహారయాత్ర కాగా లేనిది, సైన్యం కూరమడి పూలతోట కాగా లేనిది, మా రియాక్టర్లు చూడముచ్చట కాలేవా? కాంట్రాక్టు కార్మికుల బస్సుల పైకప్పులు కోసి అద్దాలు బిగిస్తే సరి. అరకు దారిలో సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ అంతా కేకలు పెడుతుంది. మా బస్సులో ఆ రభస ఉండదు, అందరూ పడి నిద్రపోతుంటారు.

బస సంగతి. ఒక గదికి ఆరుగురు, మూడు షిఫ్టులు. ఒకడు లేచిన చాప మీద మరొకడు పడుకుంటాడు గనక పక్క ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. అరకు రిసార్టులో ఆ సుఖానికి హీటరు పెట్టి విడిగా బిల్లు వేస్తారు.

పల్లెలు, తోటలు ఏవీ అంటారా? అరకులో గిరిజన మ్యూజియం ఉంది, మాకూ ఒకటి కట్టండి. దిబ్బపాలెం, చెర్లోపాలెం లాంటి ఊళ్లు సెజ్‌కు ముందు ఎక్కడుండేవో, జీడితోట ఎక్కడిదాకా ఉండేదో బోర్డులు పాతండి, చూసి పోతారు. ఇక పచ్చదనం. అనుమతి పత్రాల ప్రకారం ఫ్యాక్టరీ స్థలంలో మూడోవంతు చెట్లే. ఆ వనవిహారానికి ఫ్యాక్టరీ దాకా వెళ్లక్కర్లేదు, ఫైలు తిరగేసినా సరిపోతుంది.

సాహస క్రీడల్లో మాత్రం మా ముందు ఏ కొండా నిలవదు. అక్కడ పారాగ్లైడింగ్‌కు పట్టీలు కట్టుకుని దూకాలి. ఇక్కడ కుట్టుమిషన్ ముందు కూర్చుంటే చాలు. 2022 జూన్‌లో సెజ్‌లోని బట్టల కంపెనీలో ఆడపిల్లలు అలా కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే విషవాయువు కమ్మి కళ్లు మండి, వాంతులై, ఊపిరాడక వందకు పైగా ఆసుపత్రి పాలయ్యారు. రెండు నెలలు తిరక్కుండా మళ్లీ అక్కడే, మళ్లీ అదే.

2024 ఆగస్టు 21న మధ్యాహ్నం భోజనాల వేళ సెజ్‌లోని ఎసైన్షియా మందుల ఫ్యాక్టరీలో సాల్వెంట్ ఆవిరి పేలి 17 మంది చచ్చిపోయారు. వాళ్లు సాహసం చేయడానికి వెళ్లలేదు, జీతానికి వెళ్లారు. రెండు రోజులకు పరవాడలో ఇంకో కంపెనీ. అదే ఏడాది నవంబరులో పరవాడలోనే విషవాయువు. కుటుంబానికి కోటి అన్నారు, కమిటీ అన్నారు, సేఫ్టీ ఆడిట్ అన్నారు. ఆ మాటలు శవాలు లేచిన వారంలోనే వినిపిస్తాయి, తర్వాత పెట్టుబడుల సదస్సులు మొదలవుతాయి.

అందుకే అడుగుతున్నాం పర్యాటక హోదా. బొర్రా గుహలో టికెట్ కొన్నవాడికి పట్టుకోడానికి కమ్మీ ఉంటుంది, కాళ్ల ముందు దీపం ఉంటుంది, దారి చెప్పడానికి గైడ్ ఉంటాడు. ఆదివారం చూడ్డానికి వచ్చినవాడి ప్రాణానికి ఉన్న ఖరీదు రోజూ పనికి వెళ్లేవాడి ప్రాణానికి ఎందుకు లేదు? వేల ఎకరాలు తీసుకుని ఫ్యాక్టరీలు పెట్టించారు, కాలినవాళ్లను మాత్రం అనకాపల్లికీ విశాఖకూ పరిగెత్తించారు. అరకు కొండల్లో రోడ్డు లేని గూడెం నుంచి డోలీలో దిగే బాలింతదీ విశాఖ దారే. పైన ఉన్నదాన్ని అందం అన్నారు, కింద ఉన్నదాన్ని అభివృద్ధి అన్నారు, రెండు చోట్లా ప్రాణం మీదికొచ్చిన మనుషులను మాత్రం దూరానికే పంపారు.

హోదా మీరే ఉంచుకోండి. సెజ్ గేటు దగ్గర కాలిన గాయాలకు వైద్యం చేసే ఆసుపత్రి ఎప్పుడు తెరుస్తారో తేదీ చెప్పండి.