తెలిసినోడే తెలియనోడి దగ్గరికి పోవాల

ఏమప్పా, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే మా నంబులపూలకుంట పిల్లకాయల్లారా, ఈ పొద్దు నా పంచాయితీ మీతోనే. మీలో కొందరు ప్రోగ్రామింగ్ మీద వ్యాసాలు రాస్తున్నారంట. రాయండి, మంచిదే. కానీ రాసిందంతా మళ్లీ ప్రోగ్రామర్లే చదువుతున్నారు, బయటోడు ఒక్కడూ తొంగి చూడడం లేదని వాపోతారెందుకు? మొదటి వాక్యంలో ఏపీఐ, రెండో వాక్యంలో కుబర్నెటిస్. వాకిలికి అడ్డంగా కంప వేసి పెట్టి, చుట్టాలు రాలేదంటే ఎట్లొస్తారు నాయనా?

మా రోజుల్లో తెలిసినోడే తెలియనోడి దగ్గరికి నడిచి పోయేవాడు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలాట వాళ్ల పేరు మీరు వినే ఉంటారు. మీరు వినడమే, మేము చూసినాము. రాత్రి సంగటి తిని, గొంగళ్లు చంకన పెట్టుకుని పోయి కూర్చుంటే తెల్లారేదాకా ఆట. ఈ ఆట ఆడే కుటుంబాల్లో చాలామంది ఇండ్లల్లో మాట్లాడుకునేది మరాఠీ. మాకు ఆడింది మాత్రం తెలుగులో. ఇంటి భాషను ఇంట్లో పెట్టి, ఎదుటోడి భాషలో ఎదుటోడికి రామాయణం చెప్పినారు చూడండి, అదీ చెప్పడమంటే. ముందు వరసలో ద్విపద నోటికొచ్చిన పెద్దాయన, వెనక వరసలో గొర్రెలు కాసుకునే పిల్లోడు. రావణుడి కొలువులో పద్యం కాస్త పొడుగైందంటే జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి దూకి, మా ఊరి కరువు మీద, బోరింగు కాడ జగడాల మీద వాదులాడుకునేవాళ్లు. తూగుతున్న పిల్లోడు లేచి పడీపడీ నవ్వేవాడు. ఆ నవ్వు ఆరకముందే అవతల లక్ష్మణుడు మూర్ఛపోయేవాడు. ఇంక ఆ పిల్లోనికి నిద్ర ఎక్కడిది? రామాయణాన్ని ఎవరూ పలచన చేయలేదప్పా. లోపలికి రావడానికి వాడికొక దోవ ఇచ్చినారు. నిమ్మలకుంట దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. నన్నడిగితే అది ఎప్పుడో రావాల్సింది.

అంత దూరం ఎందుకు, కదిరి పక్కన కటారుపల్లి ఉంది. అక్కడుండేది వేమన సమాధి. పండితుల కోసం రాసుంటే ఆయన పద్యాలు తాటాకుల్లోనే ఉండిపోయేవి. చెప్పింది తత్త్వమే అయినా వంటింట్లో దొరికేవాటితో, దోవలో కనబడేవాటితో చెప్పినాడు. బడి మొగం చూడని మా అవ్వ నోట్లో కూడా ఆ పద్యాలు ఆడేవి. 1829లో బ్రౌన్ దొర అచ్చు వేయించకముందు నుంచే అవి ఆ నోటా ఈ నోటా బతికుండినాయి. కదిరి పరిశోధన కేంద్రంలో పుట్టిన కె-6 శనక్కాయ విషయమూ అంతే. మా దిక్కు దాన్ని పరిశోధన పత్రం చదివి ఎవరూ విత్తలేదు. పక్క మడిలో కాపు చూసి, విత్తనాలు అడిగి తెచ్చుకున్నారు.

మీ వృత్తిలో ఇట్లాంటోళ్లు లేరని మాత్రం అనకండి. అమెరికాలో కంప్యూటర్ సైన్సు ఆచార్యుడుగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు తెలుగులో 'జీవరహస్యం', 'రసగంధాయ రసాయనం' రాసినాడు. తన శాస్త్రం దాటి బయటికొచ్చి, మామూలు చదువరికి కథ చెప్పినట్టు చెప్పినాడు. నల్లమోతు శ్రీధర్ 'కంప్యూటర్ ఎరా' పత్రిక నడిపినాడు. ఇంట్లో కంప్యూటరు మొరాయిస్తే ఎవరిని అడగాల్నో తెలియని మనిషే దానికి పాఠకుడు. వీవెన్ చేసిన 'లేఖిని' వల్ల తెలుగు కీబోర్డు తెలియనోళ్లు కూడా ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాయగలిగినారు. ఆ లేఖిని లోపల ఏ కోడ్ ఉందో వాళ్లకెవరికీ అక్కరలేదు. తమ భాషలో తాము రాసుకోగలిగితే వాళ్లకు అది చాలు.

అప్పుడంతా బాగుండేదని అనడం నా అలవాటు. నిజం చెప్పాలంటే అప్పుడు కరువులుండేవి, చదువు కొందరికే ఉండేది, బొమ్మలాట కావాలంటే ఏడాదంతా ఎదురు చూడాల్సొచ్చేది. మీ మాట ఇప్పుడు గడియలో అన్ని ఊర్లకూ పోతుంది. అంత వసతి పెట్టుకుని మీలో మీరే మాట్లాడుకుంటారేమని నా బాధ.

ఏం రాయాల్నో తెలియకపోతే మన ఊరికే రండి. 2016లో ఎన్‌టీపీసీ ఇక్కడ 250 మెగావాట్ల సోలార్ ప్లాంటు పూర్తి చేసింది. రోజూ ఆ పలకల పక్కనే మేకలు తోలుకుపోయే మనిషికి, మబ్బు పట్టినప్పుడు ఆ కరెంటు ఏమవుతుందో చెప్పినోడు లేడు. లేదా రేషన్ అంగడికి పోండి. అవ్వ వేలిముద్ర పడడం లేదని మిషన్ మూడుసార్లు కుయ్యిమంటుంది, ఆమె తనదే తప్పయినట్టు తల దించుకుంటుంది. ఆ మిషన్ చూసేది వేలి మీది గీతలు ఎక్కడ ఆగినాయి, ఎక్కడ చీలినాయి అని. కలుపు తీసి, కట్టెలు కొట్టి ఆమె గీతలు అరిగిపోయినాయి. వయసుతో చర్మం ఎండిపోయింది. అందుకే ఆధార్‌లో ఉన్నదానితో జత కుదరడం లేదు. తప్పు ఆమెది కాదు, వేరే వేలు పెట్టి చూడొచ్చు, కంటిపాపతో గుర్తుపట్టే పద్ధతీ ఉంది అని ఎవరు చెప్పాల? అది తెలిసిన మీరు కాదా? ఇందులో సెన్సారు ఉంది, పోల్చే లెక్క ఉంది, ఎక్కడో ఉన్న సర్వరు అవునో కాదో జవాబు పంపడం ఉంది. మీ విద్య అంతా ఉంది. ముందు అవ్వ కష్టం చెప్పి, ఆ వెనకే మీ విద్య చెప్పండి. ఆమె మనవడు చదివి వినిపిస్తాడు, అంగడి డీలరూ చదువుతాడు.

రాసిన తరువాత ఇంకో ప్రోగ్రామరుకు పంపి మెప్పు అడగొద్దు. మీ అమ్మకు చదివి వినిపించండి. ఆమె ఎక్కడ "అంటే ఏంది నాయనా?" అని అడిగితే అక్కడ కొట్టేసి మళ్లీ రాయండి.