తేజ మిర్చి పొగరు

మిరప పండించేవాడికి మిరప రుచి తెలుస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. మాకు తెలిసేవి కాయ రంగు, తేమ, తాలు ఎంత పోయింది, ఆ పొద్దు ఖమ్మం మార్కెట్ వేలంలో జెండాపాట ఎక్కడ ఆగింది. అంతే. ఏన్కూరు పక్కన నాకున్న కొద్దిపాటి చేలో ఏటా తేజ రకం మిరప వేస్తాను. ఘాటుకు తేజ పెట్టింది పేరు. ఘాటు కొలిచే స్కోవిల్ లెక్కలో 75 వేల నుంచి లక్ష దాకా పోతుందంటారు. ఆ లెక్క చెవిన పడ్డ రోజు నుంచి ఆ ఘాటు కాయది కాదు, నాదే అనుకోవడం మొదలుపెట్టాను. నేను చేసిన వెర్రి పనులన్నిటికీ మూలం అక్కడుంది.

కొరియా పిచ్చి లాక్‌డౌన్‌లో అంటుకుంది. 2020 ఎండాకాలం. కల్లంలో కాయ ఉంది, మార్కెట్ మూసేశారు, చేతిలో ఫోనుంది. మా అమ్మాయి సీరియళ్లు చూసే యాప్ పాస్‌వర్డ్ ఇచ్చింది. ‘క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ’ అనే కొరియా సీరియల్‌తో మొదలుపెట్టి రాత్రిళ్లు కాయకు కాపలా పడుకునే మంచం మీదే ఒకదాని తర్వాత ఒకటి చూశాను. కథలు కొన్ని మర్చిపోయాను గానీ వాటిలో వాళ్లు తిన్న తిండి మర్చిపోలేదు. సంతోషమొచ్చినా తింటారు, ఏడుపొచ్చినా తింటారు. గిన్నె నిండా ఎర్రెర్రటి పులుసు, అందులో ఉడుకుతున్న బియ్యప్పిండి ముక్కలు, పక్కన కిమ్చీ అనే ఎర్రటి క్యాబేజీ పచ్చడి. మా ఊళ్లో ఎరుపంటే కారం. ఇంత ఎరుపు తినేవాళ్లు మనవాళ్లే అయ్యుంటారని తీర్మానించుకున్నాను. ఆ ఎరుపే నన్ను ముంచింది.

హెచ్చరిక అందలేదని చెప్పను. మా మేనల్లుడు పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో పనిచేస్తాడు. 2019లో అక్కడి కియా ఫ్యాక్టరీలో కార్ల తయారీ మొదలయ్యాక కొరియావాళ్లు వచ్చి కాపురాలు పెట్టారు, వాళ్ల వెనకే వాళ్ల హోటళ్లూ వచ్చాయి. వాడు నన్ను ఒకదానికి తీసుకెళ్లి, లోపల అడుగు పెట్టకముందే చెప్పాడు: "మామా, దణ్ణం పెడతా. కారం మాత్రం అడక్కు. మా సార్లు కారం కోసం తినరు." కూర్చున్న వెంటనే పచ్చిమిరపకాయలు తెమ్మన్నాను.

2021-22లో నల్ల తామర పురుగు మా జిల్లా తోటల్ని నేలమట్టం చేసింది. 2023లో మాత్రం దేవుడు చూశాడు, తేజ క్వింటా 20 వేలు దాటింది. అప్పులు కట్టాక నాలుగు డబ్బులు మిగిలితే బుద్ధున్నవాడు బోరు వేయిస్తాడు. నేను శంషాబాద్ నుంచి బ్యాంకాక్ మీదుగా సియోల్‌కు టికెట్ కొన్నాను. "ఏమయ్యా, మిరపకాయలమ్మి మిరపకాయలు తినడానికి పోతన్నావా?" అంది నా భార్య. పెట్టెలో స్వెట్టర్ కింద కారప్పొడి పొట్లం పెడుతున్నాను అప్పుడు. మన కాయ, మన మిల్లులో ఆడించింది.

సియోల్‌లో గ్వాంగ్‌జాంగ్ మార్కెట్ అని ఉంది. 1905 నాటిది. ఒక పక్క బట్టల దుకాణాలు, నడిమధ్యలో తిండి. బల్లల చుట్టూ పీటలు, ముందు పెద్ద పెద్ద పెనాలు. అక్కడ నా కాళ్లు ఆగిపోయాయి. పెనం పక్కన తిరగలి తిరుగుతోంది! చెయ్యి కాదు, మోటారు తిప్పుతోంది. పైన నానబెట్టిన పెసరపప్పు, పొట్టు తీసింది, నీళ్లతో సహా పోస్తుంటే రాళ్ల సందులోంచి పిండి నురగతో జారి గిన్నెలో పడుతోంది. ఆ పిండిలో మొలకలు, ఉల్లికాడలు, కిమ్చీ ముక్కలు కలిపి, అరచేతి మందాన పెనం మీద వేసి, నూనె వెనకాడకుండా పోసి కాలుస్తున్నారు. బిండేట్టొక్ అంటారు. అంచులు కరకర, నడుమ మెత్తన. నేనైతే పెసరట్టనే పిలుస్తాను, వాళ్లేమనుకున్నా సరే. నంజుకోవడానికి సోయా రసంలో ఊరిన ఉల్లిపాయ ముక్కలిచ్చారు.

అక్కడితో ఆగి తినొచ్చుగా? సంచిలోంచి పొట్లం తీశాను. అట్టు మీద ఎర్రగా చల్లాను. దుకాణంలో ఉన్న ఆవిడ గరిటె ఆపి చూసింది. ఆ చూపు నాకు మెచ్చుకోలులా కనిపించింది. పక్క పీట మీద ఉన్ని టోపీ పెట్టుకున్న పెద్దాయన కూర్చుని ఉన్నాడు. సీరియళ్లు నేర్పిన మర్యాద ఉందిగా, పెద్దవాళ్లకు ఏదిచ్చినా రెండు చేతులతో ఇవ్వాలని. కారం అద్దిన ముక్కను రెండు చేతులతో అందించాను. అలా ఇస్తే కాదనడం ఆయనకు చేతకాదు, తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. ముందు ముఖం ఎర్రబడింది, తర్వాత దగ్గు, ఆపైన కళ్ల వెంట ధారలు. దుకాణం ఆవిడ బియ్యపు కల్లు గిన్నెతో పరిగెత్తుకొచ్చింది. ఈ తతంగమంతా జరుగుతుంటే నేనేం చేస్తున్నానంటే, వీడియో తీస్తున్నాను. ‘ఖమ్మం తేజ పవర్’ అని వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టాను.

తేరుకున్నాక ఆయన నెమ్మదిగా ఏదో అడిగాడు. ఫోను తర్జుమా చేసి చూపించింది: ‘మీ నాలుకకు ఏమైనా జబ్బు చేసిందా?’ వెటకారం కాదు, మనిషి నిజంగా కనుక్కుంటున్నాడు. నేను పగలబడి నవ్వాను.

చొంజు నగరం బిబింబాప్ అనే వంటకానికి ప్రసిద్ధి అంటే అక్కడికీ వెళ్లాను. గిన్నెలో అన్నం మీద బచ్చలి లాంటి ఆకు, అడవి ఫెర్న్ కాడలు, మొలకలు, ఏవో దుంపల తురుము, అన్నీ విడివిడిగా వేయించి అమర్చారు. చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో రకరకాల నంజుళ్లు, అయిపోతే మళ్లీ ఊరికే తెచ్చి పెడతారు. గోచుజాంగ్ అనే ఎర్రటి ముద్ద వేసి కలుపుకోవాలి. వేలితో నాకి చూశాను. తియ్యగా ఉంది! ఎర్రటి ముద్ద తియ్యగా ఉండటమేంటని నాకు మండిపోయింది. మళ్లీ పొట్లం విప్పాను. ఆ భోజనానివి నా దగ్గర చక్కటి ఫోటోలున్నాయి. రుచి ఎలా ఉందని అడిగితే మాత్రం చెప్పలేను. ఫెర్న్ కాడలు ఎలా ఉన్నాయి? కారంగా ఉన్నాయి. మొలకలు? అవీ అంతే.

దుకాణాల్లో ప్యాకెట్ మీద నిప్పులు కక్కే కోడి బొమ్మతో బుల్డాక్ నూడుల్స్ అమ్ముతారు. లోకమంతా ఛాలెంజ్ చేసి తినే సరుకు. మామూలు రకం ఘాటు 4,404 స్కోవిల్. మా కాయ ముందు అదెంత? ఆ మరుసటేడు, 2024 జూన్‌లో, డెన్మార్క్ ప్రభుత్వం అంతకన్నా ఘాటైన మూడు రకాలను ప్రమాదమని వెనక్కి తెప్పించి, కొన్ని వారాలకు రెండింటిని మళ్లీ అనుమతించింది. 

తర్వాత బస్సెక్కి సున్‌చాంగ్ వెళ్లాను. గోచుజాంగ్‌కు కొరియా మొత్తం మీద పేరున్న ఊరు. ఇళ్ల ముందు వరసలు వరసలుగా నల్లటి మట్టి జాడీలు. సోయా చిక్కుళ్లు ఉడకబెట్టి, దంచి, ఇటుకలుగా చేసి, వాటికి బూజు పట్టనిచ్చి ఎండబెడతారు. ఆ పొడి, జిగురు బియ్యం, ఉప్పు, మిరప్పొడి కలిపి జాడీలో నెలల తరబడి ఊరబెడతారు. మూత తీయగానే వచ్చిన వాసనకు రుమాలు అడ్డం పెట్టుకున్నాను. నేను ముక్కు మూసుకున్న ఆ జాడీల విద్యనే 2024 డిసెంబరులో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

అక్కడొకావిడ గోచుగారు చూపించింది, వాళ్ల మిరప్పొడి. గింజ లేదు. రవ్వలా గరుగ్గా, కుంకుమ రంగులో ఉంది. నాలుక మీద వేసుకుంటే ముందు తీపి, తర్వాత ఎండిన పండు వాసన, ఎక్కడో చివర కాస్త చురుకు. "ఇందులో కారమే లేదు" అని ఫోనులో చెప్పాను. "దీనికి అంతే కావాలి" అందావిడ. నేను వినలేదు. ఎందుకంటే అప్పటికే ధర అడిగాను. వాళ్లు ఎండుమిర్చిని 600 గ్రాముల లెక్కన అమ్ముకుంటారు. దాన్ని కిలోకు మార్చి, వాన్‌లను రూపాయలు చేసి చూస్తే మనకొచ్చే రేటుకు ఎన్నో రెట్లుంది. కళ్లు తిరిగాయి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎండుమిర్చి మీద ఆ దేశంలో దిగుమతి సుంకం 270 శాతం. గడ్డకట్టించిన మిర్చి మీదైతే 27 శాతమే. అందుకని చైనా కాయ మంచుగడ్డగా వచ్చి కొరియాలో ఎండుతుంది. నా బుర్ర పరుగెత్తింది. ఖమ్మంలో కోల్డ్ స్టోరేజీలున్నాయి, విశాఖలో ఓడలున్నాయి, మనకేం తక్కువ? కంపెనీకి పేరు కూడా అనుకున్నాను. ఆ పేరు ఇక్కడ రాయను, పరువు కొంచెమైనా మిగలాలి.

సియోల్‌లో చదువుకుంటున్న మన తెలుగు కుర్రాడు ఒకడు నా పథకమంతా ఓపిగ్గా విన్నాడు. "అంకుల్, వాళ్లు ఒక క్యాబేజీకి గిన్నెడు మిరప్పొడి వేస్తారు. మన తేజ గిన్నెడు వేస్తే తిన్నవాడు బతుకుతాడా?" అన్నాడు. వాళ్లు ఘాటుకని వాడుకునే చోంగ్యాంగ్ మిరపే మహా అయితే పన్నెండు వేల స్కోవిల్. 1983లో అక్కడి విత్తన కంపెనీ తయారుచేసిన రకం. 1997 ఆర్థిక సంక్షోభం తర్వాత ఆ కంపెనీ విదేశీయుల చేతుల్లోకి పోయింది, దాంతో పాటు విత్తనమూ. ఆ ఒక్క ముక్క మాత్రం నాకు చప్పున ఎక్కింది, విత్తనం ప్యాకెట్ కొనేవాడి బాధ ఏ దేశంలోనైనా ఒకటే కనుక. మిగతాది కుర్రాడి అసూయ అనుకున్నాను.

ఇంటికొచ్చాక కిమ్చీ పెట్టాను. ఫిబ్రవరి, కాయ కోతలు జరుగుతున్నాయి. వాళ్ల పొడుగు క్యాబేజీ ఖమ్మంలో దొరకలేదు, మన గుండ్రటిదే కోసి ఉప్పులో ఊరబెట్టాను. అల్లం, వెల్లుల్లి, బియ్యప్పిండి జావ, వాళ్ల రొయ్యల ఉప్పుకు బదులు మన రొయ్య పొట్టు. వంట వీడియోలో గిన్నెడు గోచుగారు అంది. గిన్నెడు తేజ పోసి చేత్తో కలిపాను. ఆ రాత్రంతా ఆ చెయ్యి మజ్జిగలో పెట్టుకుని కూర్చున్నాను. మన ఎండలకు పులుపు తొందరగా ఎక్కింది, ప్లాస్టిక్ డబ్బా మూత ఎగిరి వంటింటి గోడ మీద ఎర్రగా చిందింది. అయినా తగ్గలేదు. నలుగురిని పిలిచి కొరియా విందన్నాను. మా అమ్మ ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని ఊసేసి, "ఇది పచ్చడా, పురుగుమందా నాయనా?" అంది.

మా చేలో కోతకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కూలీల్లో ఒక పెద్దావిడ ఉంది. వెదురు కొమ్ములు పులియబెట్టి తినే వైపు మనిషి. పారబోయబోతున్న డబ్బాను ఆపి, నాలుగు ముక్కలు గిన్నెలో వేసుకుని, బోరు నీళ్లతో ఎరుపంతా పోయేదాకా కడిగి, సద్దన్నంలో నంజుకుంది. "పులుపు బాగుంది" అని సైగ చేసి ఇంకొన్ని తీసుకుంది. కొరియాలో పసిపిల్లలకు కిమ్చీ అలవాటు చేసేది కూడా ఇట్లా నీళ్లలో కడిగే. ఆవిడ వంచి పోసిన కారం నీళ్లు మట్టిలోకి ఎర్రగా పారుతుంటే నేనూ ఒక ముక్క కడుక్కుని తిన్నాను. అల్లం తెలిసింది, రొయ్య తెలిసింది, క్యాబేజీ తీపి తెలిసింది. అంత దూరం పోయి నేను తిని వచ్చింది నా కారప్పొడినే.

మిరపకాయ మా తాతల ఆస్తన్నట్టు తిరిగాను. అదేమో అమెరికా ఖండపు మొక్క. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు మన ఒడ్డుకు తెచ్చారు, అంతకుముందు మన కూరల్లో ఘాటంటే ఎక్కువగా మిరియమే. కొరియాలో దాని ప్రస్తావన 1614 నాటి ‘జిబోంగ్ యూసోల్’ అనే పుస్తకంలో ఉంది. మిరప రాకముందు వాళ్ల కిమ్చీలో ఈ కారం ఉండేది కాదు, ఇప్పటికీ మిరప్పొడి లేని తెల్ల కిమ్చీ చేస్తారు. ఉన్ని టోపీ పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు అవుననే. స్టేటస్ ఒక్క రోజులో పోయింది. వీడియో ఫోనులోనే ఉంది, ఎవరికీ చూపించను.

ఇంట్లో కిమ్చీ పెట్టాలనుకునేవాళ్లకు పనికొచ్చే మాట ఒకటుంది. తేజ జోలికి పోకండి. మన వరంగల్ వైపు పండే చపాట మిర్చి తెచ్చుకోండి. లావుగా, ముదురు ఎరుపులో ఉంటుంది, కారం బాగా తక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తొడిమలు, గింజలు తీసేసి, గలగలలాడేలా ఎండబెట్టి, మెత్తగా కాకుండా రవ్వగా ఆడించండి. నేనిప్పుడు అదే వాడుతున్నాను. మా అమ్మ తిని, "ఇప్పుడు బాగానే ఉంది గానీ ఇంకాస్త కారం పడాల్సిందిరా" అంటోంది.

ఇక అక్కడికి వెళ్లేవాళ్లు, శాకాహారులైతే కిమ్చీలో చేప రసమో రొయ్యల ఉప్పో ఉంటుందని గుర్తుపెట్టుకోండి. గ్వాంగ్‌జాంగ్ పెసరట్టులో కొన్నిచోట్ల పంది మాంసం కలుపుతారు, ముందే అడగండి. ఉల్లిపాయ ముక్కలతో పాటు ఇచ్చే ఆ సోయా రసంతోనే తినండి. కారం మాత్రం అడక్కండి.