లెక్కల అభిమానికి నూటపదహార్లు

ముందుగా నీ ఓపికకు జోహార్లు. పాత రాక్ బ్యాండ్లలో ఏది గొప్పదన్న తగవు పాటలతో తేలేది కాదని అందరికన్నా ముందు గ్రహించినవాడివి నువ్వు. ఒకే పాట ఒకరికి ఒకలా వినిపిస్తుంది, ఇంకొకరికి ఇంకోలా వినిపిస్తుంది. జనంతో ఆ చిక్కు లేదు, తలలు లెక్కపెట్టుకోవచ్చు. అందుకే ఏ ఏడు ఏ మైదానంలో ఎవరి సెట్‌కి ఎంతమంది వచ్చారో, ఎవరు చీకటి పడ్డాక ఎక్కారో, ఎవరిని ఎండలోనే ఎక్కించి దింపేశారో నీకు కంఠతా వచ్చు. లెడ్ జెప్పెలిన్‌లో జాన్ బోనమ్ డ్రమ్ము మీద దెబ్బ ఒక్క వెంట్రుకవాసి ఆలస్యంగా పడితే పాటకు అంత బరువు ఎలా వస్తుందన్న చర్చ నడుస్తున్నంతసేపూ వినయంగా మౌనం వహిస్తావు. నెబ్‌వర్త్ పేరు వినపడగానే గొంతు విప్పుతావు.

నెబ్‌వర్త్ నీకు తీర్థక్షేత్రం. 1979 ఆగస్టు 4న, 11న ఇంగ్లండ్‌లోని ఆ పార్కులో లెడ్ జెప్పెలిన్ రెండు కచేరీలు చేసింది. సొంతగడ్డ మీద నాలుగేళ్ల తర్వాత పాడటం అదే మొదలు. గాయకుడు రాబర్ట్ ప్లాంట్ అయిదేళ్ల కొడుకును పోగొట్టుకుని అప్పటికి రెండేళ్లు. ఆ దుఃఖం తర్వాత మళ్లీ మైకు ముందుకు రావడానికి ఆ మనిషి ఎంత పెనుగులాడి ఉంటాడో ఆ గొంతులో వెతుక్కునేవాళ్లు వెతుక్కుంటారు. నువ్వు మాత్రం నేరుగా టికెట్ల దగ్గరికి వెళ్లావు. మేనేజరు పీటర్ గ్రాంట్ మొదటి రోజు జనం రెండు లక్షలు దాటారన్నాడు. కచేరీ నిర్వాహకుడు ఫ్రెడీ బ్యానిస్టర్ చూపిన లెక్క లక్ష చిల్లర దగ్గరే ఆగింది. గ్రాంట్ హెలికాప్టర్ మీదనుంచి మైదానాన్ని ఫొటోలు తీయించి మరీ తలలు లెక్కపెట్టించాడు. ఆ తగాదా బ్యానిస్టర్‌ను కచేరీల వ్యాపారంలోంచే వెళ్లగొట్టింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 25న బోనమ్ చనిపోయాడు. బ్యాండు ఆగిపోయింది. ఇంగ్లండ్‌లో ఆ నలుగురూ కలిసి కచేరీ చేయడం నెబ్‌వర్త్‌తోనే ఆఖరయింది. అయినా రెండు లక్షలా, లక్షా అన్న తగవు నీ చలవవల్ల నలభై ఏళ్లు దాటినా కొనఊపిరితో లేదు, నిండు ఆరోగ్యంతో ఉంది. గ్రాంట్‌కు కావలసింది డబ్బు. దమ్మిడీ ఆదాయం లేకుండా అదే పని ఇన్నాళ్లు చేస్తున్న నీ నిస్వార్థం అంతకన్నా పెద్దది.

వాయించేవాళ్లకే ఈ తగవు మీద నీకున్నంత పట్టుదల లేదు. 1967 జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరే ఉత్సవంలో ది హూ ముందు ఎక్కాలా, జిమీ హెండ్రిక్స్ ముందు ఎక్కాలా అన్న పంతం వచ్చింది. నాణెం ఎగరేసి తేల్చుకున్నారు. ది హూ ముందు ఎక్కి వాద్యాలు పగలగొట్టింది, హెండ్రిక్స్ తర్వాత ఎక్కి గిటారుకు నిప్పు పెట్టాడు. ఒక్క నాణెంతో వాళ్లు ముగించుకున్న పంచాయితీని నువ్వు ముగియనివ్వలేదు. ఆ రోజే మధ్యాహ్నం అక్కడ పండిట్ రవిశంకర్ అల్లారఖా తబలాతో మూడు గంటలకు పైగా సితార్ వాయించారు. ఆయనకు పోటీగా ఎవరూ లేరు. నీ పట్టికలో ఆయన లేకపోవడానికి కారణం అదే అయి ఉంటుంది.

రవిశంకర్ రెండేళ్ల తర్వాత ఉడ్‌స్టాక్ ఉత్సవంలోనూ వాయించారు, వర్షంలో. మాంటెరే ఆయనకు జీవితాంతం తీపి గుర్తు. ఉడ్‌స్టాక్ నచ్చలేదని దాచుకోకుండా చెప్పారు. మాంటెరేలో శ్రోతలు వేలల్లో, ఉడ్‌స్టాక్‌లో లక్షల్లో. నీ శాస్త్రం తెలియకపోవడం వల్ల ఆయన తక్కువ జనాన్ని ఎక్కువగా ప్రేమించారు.

ఉడ్‌స్టాక్ దగ్గర నీ ఉదారత చూడాలి. 1969 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని బెథెల్ దగ్గర మాక్స్ యాస్గర్ పాడి పొలానికి నాలుగు లక్షలకు పైగా జనం వచ్చారు. కంచె పని పూర్తికాలేదు, టికెట్లు చూసే దిక్కు లేదు, పండగ ఉచితమైపోయింది. ముప్ఫైకి పైగా బృందాలు వాయించాయి. నువ్వు ఆ నాలుగు లక్షల మందినీ నీ బ్యాండు ముందు కూర్చోబెడతావు. పక్కవాడు తన బ్యాండు ముందు కూర్చోబెడతాడు. ఒకే మనిషి ఇన్ని చోట్ల కూర్చునే వరం మీ ఇద్దరి వల్లే వచ్చింది. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అక్కడ అర్ధరాత్రి దాటాక ఎక్కింది. జనంలో చాలామంది నిద్రలో ఉన్నారని, ఎక్కడో దూరాన చీకట్లో ఒక్కడు లైటర్ వెలిగించి, కంగారు పడొద్దు, మేం నీతోనే ఉన్నాం అన్నట్టు కేకేశాడని, మిగతా సెట్ అంతా ఆ ఒక్కడి కోసమే వాయించానని బ్యాండు గాయకుడు జాన్ ఫోగర్టీ తర్వాత చెప్పుకున్నాడు. ఉడ్‌స్టాక్ గురించి నాకు తెలిసిన సంగతుల్లో ఇంతకన్నా ప్రియమైనది లేదు. నీ పట్టికలో ఆ రాత్రి క్రీడెన్స్ శ్రోతలు నాలుగు లక్షలు, ఫోగర్టీ లెక్కలో ఒక్కడు. గిటారు పట్టుకుని స్టేజి మీద నిలబడ్డవాడి మాటను కూడా లక్ష్యపెట్టని నీ నిష్ఠకు ఏం పేరు పెట్టాలో నాకు తెలియడం లేదు.

ఆ ఉత్సవపు చివరి సెట్ హెండ్రిక్స్‌ది. సోమవారం ఉదయం ఎక్కేసరికి జనంలో ఎక్కువమంది ఇళ్ల దారి పట్టారు. బురద, చెత్త, పలచబడ్డ మైదానం. ఆ పలచటి మైదానం ముందే అతను అమెరికా జాతీయగీతాన్ని గిటారు మీద చీల్చి చెండాడాడు. అందులో బాంబులు వినపడ్డాయని వియత్నాం యుద్ధకాలపు మనుషులు ఇప్పటికీ అంటారు. జనం సంఖ్యను బట్టి మార్కులేస్తే హెండ్రిక్స్ ఆ వారాంతం ఓడిపోయినవాళ్లలో చేరాలి. అతన్ని మాత్రం నువ్వు ఎప్పుడూ ఓడించవు. ఆ చోట నీ సూత్రాన్ని నువ్వే పక్కన పెట్టేస్తావు. నీలో శ్రోత ఇంకా బతికే ఉన్నాడన్న ఆశ నాకు అక్కడే కలుగుతుంది.

ఆ ఉత్సవం పోస్టరు నీకు చాలా మనస్తాపం కలిగించి ఉంటుంది. ఏ పేరు ఏ వరుసలో ఉంది, అక్షరం ఎంత లావు అని కొలిచే చెయ్యి నీది. ఎవరి పేరు పైన ఉండాలన్న గొడవ రాకుండా ఏ రోజు పేర్లు ఆ రోజు కింద అక్షరక్రమంలో, ఒకే పరిమాణంలో అచ్చేశారు. శనివారం జాబితాలో శాంటానా పేరు క్విల్‌కూ ది హూకూ మధ్య ఉంది. శాంటానా తొలి ఆల్బమ్ అప్పటికింకా బజారుకు రాలేదు. మధ్యాహ్నపు ఎండలో ఎక్కారు, డ్రమ్మర్ మైకేల్ ష్రీవ్‌కు ఇరవై ఏళ్లు. దిగేసరికి వాళ్లను ఎరగనివాళ్లు ఆ కొండవాలు మీద లేరు.

నీ ఆశావాదం సంగతి కూడా చెప్పాలి. 1991 సెప్టెంబరు 28న మాస్కోలోని తుషినో విమానాశ్రయంలో ఏసీ/డీసీ, మెటాలికా, పాంటేరా ఉచితంగా వాయించాయి. గోర్బచేవ్ మీద కుట్ర విఫలమై నెల దాటింది, సోవియట్ యూనియన్‌కు ఇంకా మూడు నెలల ఆయుష్షు మిగిలుంది. జనం అయిదు లక్షలని ఒకరు, పదహారు లక్షలని ఇంకొకరు. మధ్యలో తేడా పదకొండు లక్షలు, ఒక మహానగరమంత. ఆ మహానగరాన్ని నువ్వు ఒక్క మాటతో నీ బ్యాండు ఖాతాలో వేసుకుంటావు. రియో డి జనీరోలోని కోపకబానా బీచిలో 1994 డిసెంబరు 31 రాత్రి రాడ్ స్టూవర్ట్ కచేరీకి వచ్చారనే 35 లక్షల మందిలో కొత్త సంవత్సరపు బాణసంచా చూడటానికి వచ్చినవాళ్లెందరో నువ్వు అడగవు. అతిథిని ఎందుకొచ్చావని అడగకపోవడం మన మర్యాద కూడా. వందరోజుల సెంటర్లు, మొదటిరోజు వసూళ్లు చెప్పుకుని రొమ్ము విరుచుకునే మన హీరోల అభిమానులు నిన్ను చూస్తే తోడబుట్టినవాడని కౌగలించుకుంటారు.

1985 జులై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో లైవ్ ఎయిడ్ అనే విరాళాల కచేరీ జరిగింది. మధ్యాహ్నం 12 గంటలకు స్టేటస్ కో మొదలుపెట్టినప్పుడూ, సాయంత్రం క్వీన్ ఎక్కినప్పుడూ ఎదురుగా ఉన్నది అదే 72,000 మంది. కొత్తగా ఒక్క టికెట్టు అమ్ముడుపోలేదు. క్వీన్ గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ ఇరవై నిమిషాల్లో ఆ జనాన్ని మార్చేశాడు, జనసంఖ్యను మార్చలేదు. నువ్వు తడబడే చోటు ఇదే. అందుకే టీవీలో చూసినవాళ్లు 190 కోట్లని ఇంకో అంకె వెతికి తెచ్చుకున్నావు. ఆ 190 కోట్లూ ఆ రోజు వాయించిన అందరివీ. మెర్క్యురీ గొంతెత్తి ఒక్క స్వరం విసిరితే 72,000 గొంతులు దాన్ని తిరిగి ఇచ్చాయి. ఆ మార్పిడి మాత్రం అతనొక్కడిదే.

ఇక ఇంగ్లండ్‌లోని డోనింగ్టన్. నీ ప్రతిభకు శిఖరం అదే కనుక దాని గురించి తొందరపడను.

1988 ఆగస్టు 20. మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్ ఉత్సవం. హెడ్‌లైనర్ ఐరన్ మెయిడెన్, దాని కింద కిస్, డేవిడ్ లీ రాత్, మెగాడెత్, గన్స్ ఎన్ రోజెస్, హెలోవీన్. గన్స్ ఎన్ రోజెస్‌ను ఎక్కించింది చివర్లో కాదు, మొదట్లో, రెండో బ్యాండుగా. కానీ ఆ నెలలోనే వాళ్ల ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. జనం 1,07,000. డోనింగ్టన్‌లో ఆ ఉత్సవం చరిత్రలో అదే అతి పెద్ద సంఖ్య. నువ్వు దీన్ని చెప్పేటప్పుడు నీ కళ్లు మెరుస్తాయి. రెండో వరుసలో పడేసిన బ్యాండుకే జనం ఎలా దూసుకొచ్చారో చూడమంటావు. నిజమే, దూసుకొచ్చారు. వాన కురిసి నేల బురదగా ఉంది, మైదానం స్టేజి వైపుకు వాలుగా ఉంది. ముందువాళ్లు జారి పడ్డారు, వాళ్ల మీద వెనకవాళ్లు పడ్డారు. బ్యాండు పాట ఆపి వెనక్కి జరగమని వేడుకుంది, మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ ఆపింది. బురదలో నలిగి ఇద్దరు కుర్రాళ్లు చనిపోయారు.

నువ్వు ఒక్కరినీ వదలవు. ఆ 1,07,000లో ఆ ఇద్దరూ ఉన్నారు. ఐరన్ మెయిడెన్ గొప్పదా, గన్స్ ఎన్ రోజెస్ గొప్పదా అని నువ్వు వాదించిన ప్రతిసారీ ఆ ఇద్దరినీ మళ్లీ ఆ వాలు మీద నిలబెట్టి ఏదో ఒక బ్యాండు వైపు చెయ్యెత్తిస్తావు. ఇంటికి చేరని మనుషుల చేత కూడా ఓటు వేయించగలిగిన అభిమానం ఇంకెక్కడా నేను చూడలేదు. మరుసటి ఏడాది ఉత్సవం జరగలేదు. 1990లో 72,500 మించకూడదన్న పరిమితితో అనుమతి వచ్చింది. ఆ ఏడు నుంచి అంకె తగ్గిందని నువ్వు రాక్ సంగీతం క్షీణించిందని రాసుకున్నావు. లెక్క తప్పలేదు.

2000 జూన్ 30న డెన్మార్క్‌లోని రోస్కిల్డే ఉత్సవంలో పెర్ల్ జామ్ వాయిస్తుండగా తొక్కిసలాటలో తొమ్మిది మంది పోయారు. గాయకుడు ఎడీ వెడర్ స్టేజి మీదనుంచి ఒక్కో అడుగు వెనక్కి వెయ్యమని ప్రాధేయపడ్డాడు. వెనకనున్నవాళ్లకు ముందేం జరుగుతోందో తెలియదు. గుంపు దుర్ఘటనల మీద పనిచేసిన జాన్ ఫ్రూయిన్ చెప్పిన ప్రకారం చదరపు మీటరుకు ఏడుగురు చేరితే గుంపు ద్రవంలా కదులుతుంది. అందులో ఏ మనిషికీ తన కాళ్ల మీద తనకు అధికారం ఉండదు. అటు ఊగితే అటు, ఇటు ఊగితే ఇటు. ఇసుక వేస్తే రాలనంత జనం అని మనం మురిసిపోయే చోట జరిగేది ఇదే. నీ పట్టికల్లో పైపైకి వెళ్లే అంకెలన్నీ ఈ చదరపు మీటరు మీదుగానే వెళ్తాయి.

రోస్కిల్డేలో ఇప్పుడు స్టేజి ముందు భాగాన్ని కంచెలతో అరలుగా విడగొట్టారు. ఒక్కో అరలోకి ఇంతమందికే ప్రవేశం. ఆ ఉత్సవాన్ని నడిపేది చాలావరకు వాలంటీర్లే. లోపలికి వెళ్లేవాళ్లను లెక్కచూసుకుని, అర నిండగానే ఆపేసే మనుషులు అక్కడ కావాలి. గంటల తరబడి జనం మీదనుంచి కన్ను తిప్పకుండా నిలబడగల ఓపిక, అంకె విషయంలో ఎవరికీ లొంగని మొండితనం, పాట మంచి పట్టులో ఉన్నప్పుడు కూడా చెదరని ధ్యాస ఆ పనికి అవసరం. ఈ మూడూ నీలో ఉన్నంతగా ఇంకెవరిలోనూ లేవు. ఇది నేను మనస్ఫూర్తిగా అంటున్న మాట. నీ బ్యాండు వాయించే రోజునే ఆ గేటు దగ్గర నిలబడు. నీ పక్కనున్న అబ్బాయి ఇంకో యాభై మందిని వదులుదాం, రికార్డు అవుతుంది అంటే, వద్దని చెప్పు.