లఘులోలక వాక్య వ్యాఖ్య

మూలం: "లోలకము పొడవు పెంచగా ఆవర్తన కాలము పెరిగెను."

అవతారిక: ఇంటర్ విద్యార్థి లఘులోలక ప్రయోగం చేసి (సీనియర్ రికార్డు చూసి అని ఒక మతం) ఫలితాన్ని లోకానికి నివేదిస్తున్నాడు.

ప్రతిపదార్థం: లోలకము పొడవు = వేలాడదీసిన చోటి నుండి గోళము కేంద్రము దాకా గల దూరము; పెంచగా = తన ఇష్టము వచ్చినట్లు పెంచినప్పుడు; ఆవర్తన కాలము = గోళము ఒకసారి పోయి వచ్చుటకు పట్టు సమయము; పెరిగెను = గత్యంతరము లేక పెరిగెను.

తాత్పర్యం: పొడవు స్వతంత్ర చరరాశి, కాలం పరతంత్ర చరరాశి. గ్రాఫులో మొదటిది అడ్డంగా, రెండవది నిలువుగా. 25 సెంటీమీటర్ల లోలకానికి ఇంచుమించు ఒక సెకను పడుతుంది. రెండు సెకన్లు కావాలంటే పొడవు రెట్టింపు చేస్తే చాలదు, నాలుగింతలు చేయాలి. పరతంత్రుడైనా అడిగినంతా ఇవ్వడని భావం.

వ్యాకరణ విశేషం: "పెంచగా" సకర్మకం, "పెరిగెను" అకర్మకం. కవి ఎరిగి వేసిన ఎత్తు ఇది. ఈ స్వాతంత్ర్యం నిజానికి పొడవుది కాదు, పెంచినవాడిది. పొడవుకు పాపం పేరు మాత్రం దక్కింది.

పూర్వపక్షం: గోళం బరువు మాటేమిటి? సీసపు గోళమైతే నెమ్మదించదా?

సమాధానం: నెమ్మదించదు. పొడవును కదపకుండా బరువొక్కటే మార్చి చూడు, కాలం మారదు. రెండూ ఒకేసారి మార్చినవాడికి ఏది దేనివల్ల జరిగిందో చెప్పే అర్హత పోతుంది. ఊపు కూడా చిన్నదిగానే ఉండాలి. పెద్దదైతే కాలంలో అదీ వాటా అడుగుతుంది.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో "కాలము పెంచగా పొడవు పెరిగెను" అని కనబడుతోంది. లేఖకదోషమని ఎగ్జామినర్లు మార్కు కోస్తారు. తొందరపడరాదు. 1656లో హైగెన్స్ లోలక గడియారాన్ని కనిపెట్టాక, గడియారాలు చేసేవారు ముందు కాలాన్నే పట్టుకున్నారు: పోవడానికొక సెకను, రావడానికొక సెకను. పొడవు దానికి తలవంచి 99.4 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. వారి రికార్డులో ఈ పాఠమే సాధువు.

మూడో పాఠం కూడా ఉంది. 1672లో దక్షిణ అమెరికాలోని కయెన్ చేరిన ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్ రిషే గడియారం, పారిస్‌లో చక్కగా నడిచినదే, అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. భూమధ్యరేఖ దగ్గర గురుత్వం కాస్త తక్కువ. లోలకాన్ని దాదాపు 3 మిల్లీమీటర్లు కుదించాల్సి వచ్చింది. ఇక్కడ స్వతంత్ర చరరాశి ఊరు. దాన్ని మార్చడానికి ఆయన అట్లాంటిక్ దాటాడు.