ఇంకా బోలెడు జాగా ఉంది, రానీ!

"రానీ... రానీ... రానీ..."

ఈ గొంతు ఇప్పుడు నిద్రలోకి కూడా వస్తోంది. లారీ వెనకాల నిలబడి, చెయ్యూపుతూ మా డ్రైవింగ్ స్కూలు క్లీనరు కుర్రాడు అనే మాట. పది గజాల దూరమున్నా అదే రానీ. గజం దూరమున్నా అదే రానీ. జానెడు మిగిలినప్పుడు కూడా, సహస్రనామం చదువుతున్నట్టు, ఆ స్వరం ఇసుమంత పెరగదు, తరగదు. తర్వాత డబ్బుమని ఒక చప్పుడు. ఆ చప్పుడు సద్దుమణిగాక, మహా నిబ్బరంగా, "హోల్డాన్!"

నాయనా, ఆ పని గోడ అప్పుడే చేసేసింది.

హెవీ లైసెన్సుకని చేరిన దగ్గర్నుంచీ నాకిదే గోల. స్టీరింగు నాకేం కొత్త కాదు. జగ్గయ్యపేట చుట్టుపక్కల ఏళ్ల తరబడి ట్రాలీ ఆటో తోలాను. సిమెంటు బస్తాలు, పెళ్లి సామాన్లు, ఎక్కనని మొరాయించిన గేదెలు, దిగనని మొరాయించిన బంధువులు, అన్నీ మోశాను. మామూలు లైట్ మోటార్ లైసెన్సుతో 7,500 కిలోల దాకా రవాణా బండి నడపొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా సరేనంది. ఆ 7,500 కిలోల లోపల నా బతుకు హాయిగా సాగుతుండగా మా బావమరిది వాయిదాల మీద పది టైర్ల లారీ కొన్నాడు. సరుకుతో కలిపి 28.5 టన్నులు. 2018కి ముందు 25 టన్నులే ఉండేది, పెంచారు. "డ్రైవర్లు దొరకట్లేదు, వచ్చేయ్ బావా" అన్నాడు. వాడూ రానీ అన్నవాడే.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. తల్చుకుంటే బీపీ పెరుగుతుంది, పెరిగితే డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వడు. ఆ సర్టిఫికెట్ ఫారం 1-ఎ ప్రకారం పట్టపగలు 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు పోల్చుకోగలగాలి. డాక్టరుగారి గది మొత్తం నాలుగు మీటర్లుంటుంది. గోడమీది క్యాలెండరు చదవమన్నారు. చదివాను. ఆ రోజు అమావాస్య అని కూడా చెప్పాను. సంతకం పెట్టేశారు. లారీ నడపడానికి ఎనిమిదో తరగతి చదివుండాలన్న నియమాన్ని 2019లో ఎత్తేశారు. ఎత్తేశాక కూడా, మా ఊళ్లో ప్రతివాడూ నా డిగ్రీ సంగతి గుర్తుచేసి సానుభూతి చూపిస్తూనే ఉన్నాడు. మా మావయ్యయితే పక్కకి పిలిచి, "అప్పులేమైనా ఉన్నాయా, నాతో చెప్పు" అన్నాడు.

రివర్సు దగ్గరికొద్దాం.

రివర్సు గేరు పడిన కరకర చప్పుడుకి జనం ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తారో ఇంతవరకు కనిపెట్టలేకపోయాను. అప్పటిదాకా ఆ సందులో పిట్ట ఉండదు. గేరు పడగానే నలుగురు. ఒకాయన టీ గ్లాసుతో వస్తాడు. గ్లాసున్న చేత్తోనే సైగ చేస్తాడు కాబట్టి అది రమ్మనడమో, చల్లారిందని చెప్పడమో తెలీదు. రెండో ఆయన సరిగ్గా అద్దంలో కనపడని చోటు వెతుక్కుని అక్కడ నిలబడతాడు. వెనకనుంచి చూస్తే అన్నీ బాగా కనిపిస్తాయని ఆయన నమ్మకం. నిజమే, ఆయనకి అన్నీ కనిపిస్తాయి. ఆయనే నాకు కనిపించడు. మూడో ఆయన "లెఫ్ట్ కొట్టు, లెఫ్ట్ కొట్టు" అంటాడు. ఆయన నాకెదురుగా తిరిగున్నాడు. అది ఎవరి లెఫ్టు? అడిగితే "లెఫ్టంటే లెఫ్టే" అంటాడు. నాలుగో ఆయన ఏమీ చెప్పడు, ఫోనులో వీడియో తీస్తాడు. వీళ్లందరిలో నిజాయితీపరుడు ఈయనే. జరగబోయేది ఈయనకి ముందే తెలుసు.

ఇక కొలతలు. "ఇంకా బోలెడు జాగా ఉంది" అంటారు చూశారూ, ఆ బోలెడు ఎంత? ట్రాలీ ఆటో రోజుల్లోనే దీనిమీద నాకొక అవగాహన వచ్చింది. హమాలీ బోలెడంటే నాలుగు వేళ్లు. ఎందుకంటే యాభై కిలోల సిమెంటు బస్తా మోసేది అతను. బండి గుమ్మానికి ఎంత ఆనుకుంటే అతనికి అన్ని అడుగులు తగ్గుతాయి. గోడ పోయినా అతనికి పర్లేదు, నడుము మిగలాలి. అదే గోడౌను యజమాని నిలబడితే ఆరడుగులుండగానే "ఆపు ఆపు" అని కేకలు. అరుగు ఆయనది, నడుము ఆయనది కాదు. కాబట్టి రానీ అనేవాణ్ణి చూసి, వాడిదేం పోతుందో లెక్కేసుకుని, అప్పుడు బ్రేకు మీద కాలెయ్యాలి. ఏ స్కూలూ ఇది చెప్పదు.

నోటితో చాలదని చేత్తో కూడా చెప్తారు. బాడీ మీద రెండు దెబ్బలేస్తే పో, ఒకటేస్తే ఆగు. పద్ధతి మంచిదే. అయితే ఆగాల్సిన అవసరం వచ్చిందంటే మనిషి కంగారుపడ్డాడనే కదా. కంగారులో ఒక్కటే కొట్టి ఊరుకున్న మనిషిని నేను చూడలేదు. దబదబదబదబ నాలుగు బాదుతాడు. నాలుగంటే రెండు రెళ్లు. రెండుసార్లు పొమ్మన్నాడని లెక్క. మా బ్యాచిలో ఒకాయన ఈ లెక్క ప్రకారమే వెళ్లి స్కూలు వారి నీళ్ల తొట్టి పగలగొట్టాడు. తర్వాత వాగ్వాదం. "ఒకటే కొట్టాలి కదా!" "తొట్టి పోతోంటే లెక్కపెట్టుకుంటూ కొడతారా?" ఇద్దరిదీ న్యాయమే.

ముందుకు వెళ్లడం మాత్రం బాగానే నేర్పుతున్నారు. గాలి ముల్లు పైకెక్కేదాకా బండి కదపకూడదు, ఎయిర్ బ్రేకులు కనక. ముందు చక్రాలు మన సీటు కిందే ఉంటాయి. అందుకని మలుపు దాటిపోయామనిపించేదాకా ఓపికపట్టి అప్పుడు తిప్పాలి. మనం అవతలి చేల్లోకి వెళ్లిపోయామనుకుంటాం, చక్రం ఇంకా తారుమీదే ఉంటుంది. వెనక చక్రాలు లోపలికి కోసుకుంటాయి, తోక బయటికి కొడుతుంది. ఘాట్ రోడ్డు ఏ గేర్లో ఎక్కామో ఆ గేర్లోనే దిగాలి. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్లో వదిలితే బ్రేకులు కాగిపోయి పట్టవు. ఇవన్నీ గురువుగారు ఒకటికి పదిసార్లు చెప్తారు, మధ్యమధ్య మా వంశాలను తలుచుకుంటూ. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలుండాలని, అందులో తోటివారితో మర్యాదగా మెలగడం కూడా నేర్పాలని 2021 జులైలో అమల్లోకి వచ్చిన నిబంధన. మాది ఆ బాపతు కేంద్రం కాదని నీళ్ల తొట్టి నాడే అర్థమైంది.

క్యాబిన్‌లో అందరం ఒకేసారి ఎక్కుతాం. ఒకడు తోలుతుంటే మిగతావాళ్లం చెమటలు కక్కుతూ వంతు కోసం చూస్తాం. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మాది పూర్వయుగానిది. పక్కనే కూర్చునే కుర్రాడు కువైట్ వెళ్తున్నాడు. అక్కడ స్టీరింగు ఎడమవైపు, రోడ్డుకి కుడిపక్క నడపాలి. ఇక్కడ కిందామీదా పడి నేర్చుకున్నదంతా అక్కడ తిరగేసుకోవాలి. "మరి అక్కడెలారా?" అంటే "ఏజెంటు రమ్మంటున్నాడు బాబాయ్" అన్నాడు. జీతం ఎంత, గది ఎవరిది, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుంది? అవి ఇంకా అడగలేదట.

డ్రైవర్లు కావాలి, డ్రైవర్లు కావాలి అని అంతా అనేవాళ్లే. లారీ పెట్టుకుని నిద్రపోవడానికి జాగా ఎక్కడుందో, స్నానానికి నీళ్లెక్కడున్నాయో ఒక్కడు చెప్పడు. 2024 జనవరి మొదట్లో ట్యాంకర్ల వాళ్లు సమ్మె చేస్తే హైదరాబాద్‌లో బంకుల ముందు జనం బారులు తీరారు. డ్రైవరనే ప్రాణి ఉన్నాడని అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. ట్యాంకులు నిండాక మర్చిపోయారు.

మొన్న వంతు రాక ఊరికే కూర్చున్నప్పుడు గురువుగారు తన సంగతి చెప్పారు. ఆయన ఏ స్కూల్లోనూ నేర్చుకోలేదు. క్లీనరుగా ఎక్కారు. లోడు మీద పట్టా కప్పి తాళ్లు బిగించడం, ఇనప కడ్డీతో టైరు కొట్టి చప్పుణ్ణి బట్టి గాలెంతుందో చెప్పడం, ఏటవాలులో ఆపితే పరిగెత్తి చక్రం కింద చెక్క దిమ్మ పెట్టడం, అర్ధరాత్రి డ్రైవరుకి కునుకు పట్టకుండా అడ్డమైన కబుర్లు చెప్పడం. స్టీరింగు చేతికి రావడానికి ఏళ్లు పట్టింది. ఈలోపు రోడ్డంతా పక్క సీట్లోంచి కంఠతా వచ్చేసింది. "ఇప్పుడు క్లీనర్లేరీ? కిరాయి గిట్టుబాటవక తీసేశారు. సూర్యాపేట దాటాక మాట్లాడ్డానికి మనిషుండడు. ఇంటికి ఫోన్ చేస్తే పిల్లలు పడుకునుంటారు" అన్నారు. ఆయన తిట్లు తప్ప మామూలు మాటలు మాట్లాడగా వినడం అదే మొదలు. మా క్లీనరు కుర్రాణ్ణి చూపించి, "వీడికి గొంతు ఎప్పుడు పెంచాలో తెలీదు. నేర్పేవాడుంటే కదా" అన్నారు. నేను ఇన్నాళ్లూ తిట్టుకున్నది ఆ కుర్రాణ్ణే. వాడి పక్క సీట్లో రోజుకో కొత్తవాడు కూర్చుని గేర్లు విరగ్గొడుతుంటే వాడు మాత్రం ఎవరిని చూసి నేర్చుకుంటాడు?

బావమరిదికి ఆ రాత్రే ఫోన్ చేశాను. లైసెన్సు చేతికొచ్చాక వస్తాను, క్లీనరుంటేనే వస్తాను అన్నాను.

"క్లీనరెందుకు బావా, వెనక కెమెరా పెట్టించాగా. దగ్గరకొచ్చేకొద్దీ కుయ్‌కుయ్ గట్టిగా కొడుతుంది."

"పంక్చరైతే స్టెప్నీ అందిస్తుందా?"

"టోలుగేటుకి ఫోన్ చేస్తే వస్తారు."

"తెల్లారుజామున మూడింటికి నాతో మాట్లాడుతుందా?"

కాసేపు ఆలోచించాడు. వాయిదా, టైర్లు, ఇన్సూరెన్సు, టోలు లెక్కలన్నీ అప్పజెప్పాడు. అబద్ధాలేం కావు, నాకు తెలుసు. చివరికి, క్లీనరు జీతంలో సగం నా బత్తాలోంచి ఇస్తే ఆలోచిస్తానన్నాడు. మూడోవంతు అన్నాను. ఇద్దరం ఇంకా అక్కడే ఉన్నాం.