తిండి జబ్బుల విషయంలో వినకూడని సలహాలు

పిల్ల సరిగ్గా తినడం లేదని తెలిసిన ఇంట్లోకి డాక్టరు కంటే ముందు సలహాలొస్తాయి. అన్నీ ప్రేమతో చెప్పేవే. కానీ వాటిని పట్టుకుని కూర్చుంటే నెలలు గడిచిపోతాయి. గుండె, ఎముకలు దెబ్బతినేది ఆ నెలల్లోనే. అందుకే తరచూ వినబడేవాటిలో వినకూడనివి ఇక్కడ రాస్తున్నాను.

"చూడ్డానికి బాగానే ఉందిగా, ఇంకేం జబ్బు?" అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. బరువు పెరుగుతామన్న భయంతో తిండి తగ్గించేసే జబ్బు అనొరెక్సియా అంటే ఎముకలు తేలిన మనిషే మన కళ్ళ ముందు మెదులుతుంది. బొద్దుగా ఉన్న పిల్ల కొద్ది నెలల్లో బాగా తగ్గి మామూలు బరువుకు వస్తే పెళ్ళిళ్ళలో చుట్టాలంతా మెచ్చుకుంటారు. ఆ పిల్లకే నాడి మందగించి ఉండొచ్చు, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతుండొచ్చు. దీన్ని ఎటిపికల్ అనొరెక్సియా అంటారు. ముందున్న 'ఎటిపికల్' (మామూలు తీరుది కాదు) అన్న మాటను చూసి ప్రమాదం తక్కువనుకోకండి. అతిగా తినేసి, ఆపైన వాంతి చేసుకోవడం లాంటివి చేసే బులీమియా ఉన్నవాళ్ళయితే చాలామంది మామూలు బరువులోనే ఉంటారు.

కాబట్టి తూకం కన్నా తీరు చూడండి. అన్నం తిని లేవగానే బాత్రూంలోకి వెళ్ళి కుళాయి విప్పుతోందా? విజయవాడలో, మే నెలలో, చలేస్తోంది ఫ్యాను ఆపమంటోందా? అందరికీ వండి వడ్డించి, తాను మాత్రం ఫ్రెండ్స్‌తో తినొచ్చానంటోందా? చెవుల కింద బుగ్గలు ఉబ్బితే ఒళ్ళు చేసిందని సంబరపడతాం. పదేపదే వాంతి చేసుకోవడంతో లాలాజల గ్రంథులు వాచినా అలాగే కనిపిస్తుంది. వాంతి కోసం గొంతులో వేళ్ళు పెట్టుకోవడంతో వేలి కణుపుల మీద కాయలు కాయడం ఇంకో గుర్తు. 1979లో బులీమియాకు ఆ పేరు పెట్టిన బ్రిటిష్ వైద్యుడు జెరాల్డ్ రసెల్ దీన్ని గమనించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ముందుపళ్ళ లోపలివైపు ఎనామిల్ అరిగిపోవడాన్ని చాలాసార్లు మొదట చూసేది పళ్ళ డాక్టరే. ఆయన వాంతుల గురించి అడిగితే కోప్పడకండి.

"నెలసరి వస్తోందంటే అది కాదులే." నెలసరి ఆగితేనే అనొరెక్సియా అన్న షరతును మానసిక జబ్బుల నిర్ధారణకు డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్ఎం-5, 2013లో వచ్చినప్పుడు తీసేసింది. మగపిల్లలకూ ఈ జబ్బులొస్తాయి. జిమ్ముకు వెళ్తున్నాడులే అని వదిలేయకండి.

"గ్యాస్ అయ్యుంటుంది, థైరాయిడ్ చూపించు." చూపించండి, తప్పులేదు. బరువు తగ్గడానికి వేరే కారణాలున్నాయేమో డాక్టర్లూ చూస్తారు. రిపోర్టు నార్మల్ అనగానే ఊపిరి పీల్చుకుని ఇంటికొచ్చేయడమే తప్పు. ఒళ్ళు పస్తులతో సతమతమవుతున్నా రక్తపరీక్షలు చాలాకాలం బాగానే ఉండొచ్చు. మొన్న సరిగ్గా ఉన్న పొటాషియం వాంతులతో ఇవాళ పడిపోవచ్చు, అప్పుడు గుండె లయ తప్పుతుంది. అమెరికన్ గాయని కారెన్ కార్పెంటర్ 1983లో, 32 ఏళ్ళకే, అనొరెక్సియాతో గుండె దెబ్బతిని చనిపోయింది.

"నాలుగు తగిలిస్తే అదే తింటుంది." తినదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు పరిశోధన కోసం ఇష్టపడి నెలల తరబడి అరకొర తిండి మీద ఉన్నారు. వాళ్ళ ఆలోచనలన్నీ తిండి చుట్టూనే తిరిగాయి, వంటల పుస్తకాలు ముందేసుకున్నారు, చిరాకు, దిగులు పట్టుకున్నాయి. మీ అమ్మాయి మొండితనంలో ఎంతభాగం ఆకలి తెచ్చిపెట్టినదో ఆలోచించండి. మందలిస్తే దాచుకోవడం నేర్చుకుంటుంది, అంతే.

"వారం రోజులు నా దగ్గరికి పంపవే, నెయ్యి వేసి కడుపునిండా పెడతా." అమ్మమ్మ మనసు నాకు తెలుసు. కానీ చాలాకాలం పస్తులున్న ఒంట్లోకి ఒక్కసారిగా తిండి వెళ్తే రక్తంలో ఫాస్ఫేట్ అమాంతం పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆకలితో మాడిన ఖైదీలకు తిండి పెట్టినప్పుడు ఇది బయటపడింది. పెట్టొద్దని కాదు, ఆలస్యం చేయమనీ కాదు. బాగా చిక్కిపోయిన మనిషికి తిండి మొదలుపెట్టడం డాక్టరు కనిపెట్టి ఉండగా జరగాలి.

డాక్టరు దగ్గర "తినట్లేదండీ" అని ఊరుకోకండి. ఎన్ని నెలల్లో ఎంత తగ్గిందో, వాంతులు, విరేచనాల మాత్రలు, ఆగని వ్యాయామం ఏవైనా ఉన్నాయేమో విడమరిచి చెప్పండి. పడుకోబెట్టీ నిలబెట్టీ నాడి, బీపీ చూడమనండి. ఈసీజీ, పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం పరీక్షల గురించి మీరే అడగండి. సైకియాట్రిస్టుకు చూపించమంటే పరువు లెక్క చూసుకోవద్దు. స్పృహ తప్పినా, గుండెలో దడ వచ్చినా, బతకాలని లేదన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మామూలప్పుడు ఎవరితో మొదలుపెట్టాలో తోచకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.