సోమశిల వంతెన పద్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకొని కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాశాడు కోలాచలం మల్లినాథసూరి. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరంటారు. రహదారులకు వ్యాఖ్య రాసేవాడికి ఆ ఒట్టు చెల్లదు. ఇక్కడ వ్యాఖ్యలు ముందు పుడతాయి, మూలం తర్వాతెప్పుడో వస్తుంది. అందుకని మూలం కూడా నేనే రాసుకున్నాను. కవీ వ్యాఖ్యాతా ఒక్కరే కావడం వల్ల కవిహృదయం మీద తగాదా ఉండదు.

ఇక సందర్భం. కల్వకుర్తిలో బయలుదేరి నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా సోమశిల దగ్గర కృష్ణ దాటి, అవతల సిద్ధేశ్వరం గట్టెక్కి, ఆత్మకూరు మీదుగా నంద్యాల చేరవలసిన జాతీయ రహదారి ఒకటుంది. దాని నంబరు 167కె. ఇటు తెలంగాణ, అటు ఆంధ్రప్రదేశ్. నడుమ నది దగ్గర మాత్రం రహదారి లేదు, పడవ ఉంది. ఆ ఖాళీని వంతెనతో పూరించడం దండుగా, పండుగా అన్నదే ఇక్కడి విచారం.

మూలము

కృష్ణ దాటి పోవు గీతయొక్కటి గీయ
సోమశిలను తాకి చుట్టు తగ్గె
కాగితముల మీద గంటలో తిరుపతి
పడవ యెక్కి రమ్ము బావ నేడు

ప్రతిపదార్థము

కృష్ణ = కృష్ణానదిని (నది అన్నది మర్యాదకు; ఇక్కడున్నది శ్రీశైలం జలాశయపు వెనుక జలాలు); దాటి పోవు = దాటిపోయేటటువంటి; గీత ఒక్కటి = పటం మీది ఒకానొక గీతను; గీయ = గీయగా (గీసినవారు ఢిల్లీలో ఉన్నారని అధ్యాహారం); సోమశిలను తాకి = తాకి మాత్రమే, ఆగక; చుట్టు = కర్నూలు మీదుగా తిరిగిపోయే తిరుగుడు; తగ్గె = తగ్గెను; కాగితముల మీద = డీపీఆర్‌లు, ఆమోద పత్రాలు, పత్రికా ప్రకటనల మీద; గంటలో తిరుపతి = కింద చూడుడు; బావ = ఓ అవతలి గట్టు చుట్టమా; నేడు = ఈ పూటకు; పడవ ఎక్కి = నాటు పడవనో, మర పడవనో ఎక్కి; రమ్ము = రావలసింది.

‘తగ్గె’ అన్న భూతకాలం గురించి ఒక మాట. కట్టని వంతెన వల్ల దూరం తగ్గిపోయిందనడం వ్యాకరణ దోషం కాదా అని శిష్యుడి శంక. కాదు. ఆశ గట్టిగా ఉన్నప్పుడు జరగబోయేదాన్ని జరిగినట్టే చెప్పవచ్చునని సంస్కృత వ్యాకరణంలో వెసులుబాటు ఉంది. శంకుస్థాపన శిలాఫలకాలన్నీ ఆ వెసులుబాటు మీదే నిలిచాయి.

విశేషాలు: ‘గంటలో తిరుపతి’

ఇక్కడ వ్యాఖ్యాతలు రెండుగా చీలిపోయారు. హైదరాబాద్ నుంచి గంటలో తిరుపతి చేరతామని ఒక వర్గం అర్థం చెప్పింది. దీన్ని ఖండించనక్కర్లేదు, నవ్వితే చాలు. రెండో వర్గం ‘గంట’ దగ్గర ‘తగ్గింపు’ అనే మాట లుప్తమైందంటుంది. వీరికి ఆధారం ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ ఈ వంతెనకు ఆమోదం దొరికిందని ప్రకటిస్తూ, ఖర్చు 1,082.56 కోట్ల రూపాయలనీ, కట్టడానికి 30 నెలలనీ, హైదరాబాద్–తిరుపతి దూరం దాదాపు 80 కిలోమీటర్లు తగ్గుతుందనీ చెప్పారు. మంచి రోడ్డు మీద 80 కిలోమీటర్లంటే గంట ప్రయాణం. కాబట్టి రెండో అర్థమే గ్రాహ్యం.

కానీ నా పేచీ అక్కడే మొదలవుతుంది. హైదరాబాద్ నుంచి తిరుపతికి జనం ఎప్పుడు పోతారు? ఎక్కువమంది రాత్రి బస్సెక్కి, నిద్రపోయి, తెల్లారేసరికి అలిపిరి దగ్గర కళ్లు తెరుస్తారు. కొత్త దారి నల్లమలను ఒరుసుకుని పోతుంది. ఆ పక్కనే అడవి మధ్యగా పోయే శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దగ్గర రాత్రి 9 గంటలకు గేటు వేస్తే మళ్లీ పొద్దున 6 గంటలకు గానీ తీయరు. ఆత్మకూరు–దోర్నాల దారిలోనూ రాత్రి రాకపోకలకు అడ్డుంది. ఇటు అమ్రాబాద్, అటు నాగార్జునసాగర్–శ్రీశైలం, రెండూ పులుల అభయారణ్యాలే. రేపు ఈ కొత్త దారిలోని అడవి ముక్కకూ అదే నియమం పెడితే, పెట్టడం న్యాయం కూడాను, ఆ 80 కిలోమీటర్లు పగటి ప్రయాణికుడికే మిగులుతాయి. నిద్రపోయేవాడికి గంట తగ్గినా ఒకటే, తగ్గకపోయినా ఒకటే. కనుక తిరుపతిని చూపించి ఈ వంతెనను సమర్థించడం, పెళ్లికూతురి గుణం చెప్పమంటే మేనమామ ఆస్తి చెప్పినట్టుంది.

‘చుట్టు’

ఈ పదం మూలంలో అన్నిటికంటే బరువైనది. ఇప్పుడున్న 44వ నంబరు రహదారి బీచుపల్లి దగ్గర కృష్ణను ఒకసారి, కర్నూలు దగ్గర తుంగభద్రను ఒకసారి దాటుతుంది. రెండు నదులు, రెండు వంతెనలు. సోమశిల సంగమానికి దిగువన ఉంది. తుంగభద్ర అప్పటికే కృష్ణలో కలిసిపోయి ఉంటుంది గనుక ఇక్కడ ఒక్క దాటుతో పని అయిపోతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు హైదరాబాద్–బెంగళూరు దారి తెగిపోయి రెండు ప్రాంతాల మధ్య లారీలూ బస్సులూ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అప్పుడు రెండో దారి లేదు. ఈ ఒక్క కారణం, నా లెక్కలో, తిరుపతి గంటకంటే పదిరెట్లు గట్టిది. ప్రకటనల్లో మాత్రం దీనికి చోటు దొరకలేదు.

ఇక అవతలి గట్టు మనిషికి చుట్టు అంటే ఏమిటి? సిద్ధేశ్వరం నుంచి చూస్తే సోమశిల కంటికి ఆనుతుంది. రోడ్డు మీద పోవాలంటే ఆత్మకూరు, నందికొట్కూరు, కర్నూలు, బీచుపల్లి, పెబ్బేరు, కొల్లాపూర్. వంద కిలోమీటర్లకు బాగా పైమాటే. అందుకే మోటారు సైకిలును కూడా పడవలోకి ఎక్కించి పట్టుకు నిలబడతారు.

‘బావ’

పద్యంలో ఇంతవరకూ ఉన్నది ప్రభుత్వ భాష. ఇక్కడ మాత్రం మనిషి కనిపిస్తాడు. ఈ నీళ్లు ఎప్పుడూ ఇంత వెడల్పుగా లేవు. శ్రీశైలం ఆనకట్ట కట్టి 885 అడుగుల మట్టం దాకా నీళ్లు నిలిపితే, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు మునిగాయి. 1981లో ఆ ఊళ్లను ఖాళీ చేయించిన కార్యక్రమానికి పెట్టిన పేరు ‘ఆపరేషన్ డిమాలిషన్’. దాపరికం లేని పేరు. సోమశిల లలితా సోమేశ్వరుడి గుడిని రాళ్లు విప్పి, పైకి తెచ్చి మళ్లీ కట్టారు. దేవుడికి పునరావాసం సక్రమంగానే జరిగింది. నిర్వాసితుల కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 98 జీవో మాట ఎత్తితే ఇప్పటికీ ఆ పల్లెల్లో మనుషులు కుర్చీ లాక్కుని కూర్చుంటారు, కథ పెద్దది గనుక.

2007 జనవరిలో ఈ వెనుక జలాల్లోనే పడవ మునిగి దాదాపు 60 మంది చనిపోయారు. వంతెన కావాలన్న కోరికకు ఆ రోజు నుంచి గొంతు పెరిగింది. అప్పటి నుంచి పాలకులు మారారు, రాష్ట్రం రెండయింది, రెండు వైపులా జిల్లాల పేర్లు కూడా మారాయి. పడవ మారలేదు. 2022 అక్టోబరులో చెప్పిన 30 నెలలను ఆ రోజు నుంచే లెక్కిస్తే 2025 ఏప్రిల్‌కు నిండాయి. పని మొదలైన నాటి నుంచి లెక్కించాలని ఇంజనీర్ల మతం. అది నిజమే కావచ్చు, అయినా బావకు పనికివచ్చే మతం కాదు.

పాఠాంతరము

రాయలసీమ ప్రతుల్లో రెండో పాదం మరోలా ఉంది: “సోమశిలను నీరు చుట్టి నిలిచె.” ఇది లేఖక దోషం కాదు, వేరే వాదం. తీగల వంతెన వద్దు, నీళ్లను ఆపే బ్యారేజీ మీద వంతెన కట్టండి అన్నది సీమ రైతుల మాట. దీనికి పాత వేళ్లున్నాయి. 1950ల మొదట్లో మద్రాసు ప్రభుత్వం తలపెట్టిన కృష్ణా–పెన్నారు పథకంలో ఆనకట్టకు చూసిన చోటు సిద్ధేశ్వరమే. ఆ పథకం పోయింది, దిగువన నాగార్జునసాగర్ వచ్చింది. 2016 మే 31న రైతులు పోలీసుల అడ్డంకులు దాటుకుని వచ్చి సిద్ధేశ్వరం అలుగుకు తామే శంకుస్థాపన చేసుకున్నారు.

వారి తర్కం సూటిగా ఉంది. శ్రీశైలం నీటిమట్టం 854 అడుగుల కిందికి దిగితే పోతిరెడ్డిపాడు తూముల నుంచి సీమకు నీళ్లు సరిగా అందవు. ఎగువన అలుగు ఉంటే, దిగువ జలాశయం ఖాళీ అవుతున్నా కొంత నీరు ఇక్కడ నిలుస్తుంది. వెయ్యి కోట్లు పెట్టి నీళ్ల మీదుగా పోయే కట్టడం కడుతూ, నీళ్లను పట్టించుకోకపోవడమేమిటని వారి ప్రశ్న.

ప్రశ్న న్యాయమైనదే. జవాబే కష్టం. కృష్ణా నీళ్ల వాటాల మీద రెండు రాష్ట్రాల వ్యాజ్యం ట్రిబ్యునల్ ముందుంది. వంతెనను బ్యారేజీకి ముడిపెడితే ఆ వ్యాజ్యం తేలేదాకా రెండూ ఉండవు. అలాగని నదిలో స్తంభాలు పాతేశాక ‘ఇప్పుడు బ్యారేజీ మాట అనుకుందాం’ అనడం మోసం. ఒకే చోట రెండు కట్టడాలు వస్తాయో రావో, వస్తే ఒకదానికొకటి అడ్డమో కాదో పునాది తవ్వకముందే రాతపూర్వకంగా తేల్చాలి. మూలపాఠాన్నే నేను స్వీకరించాను గానీ, పాఠాంతరాన్ని చెరిపేయడానికి సాహసించను.

అలంకారము

సాధారణంగా వ్యాఖ్యాతలు దీన్ని రెండు మాటల్లో ముగిస్తారు. ఇక్కడ కుదరదు. ఈ వంతెనలో అలంకారానికే పెద్దపీట వేశారు. గోపురం ఆకారపు స్తంభాలు, ప్రత్యేక దీపాలంకరణ, నడిచేవారికి గాజు దారి. తీగల మీద నిలబడుతూ తీగలకు వేలాడే ఈ జోడు పద్ధతి వంతెన దేశంలో మొదటిదనీ, ప్రపంచంలో రెండోదనీ ప్రకటన. ఇటు సోమేశ్వరుణ్ణి, అటు సంగమేశ్వరుణ్ణి చూడవచ్చుననీ అన్నారు. సప్తనదుల కూడలిలోని ఆ సంగమేశ్వరుడు ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ల కిందే ఉంటాడు. వేసవిలో మట్టం దిగితే బయటపడి, తొలకరి వరదకు మళ్లీ మునుగుతాడు. గాజు దారిలో టికెట్టు కొన్నవారు ఆ సంగతి ముందే కనుక్కోవడం మంచిది.

పర్యాటకం వద్దనడం లేదు. సోమశిలలో లాంచీ ఎక్కి శ్రీశైలం పోయే జనం ఇప్పటికే ఉన్నారు, కొండల నడుమ ఆ నీటిదారి అందం కాదనలేనిది. అయితే ఖర్చు పట్టికలో గాజు వేరుగా, ఇనుము వేరుగా చూపించాలి. గాజు కోసం ఇనుము ఆగకూడదు. ప్రపంచంలో రెండోది కావాలన్న కోరిక లేకుంటే దేశంలో వందోదిగా ఎప్పుడో కట్టి ఉండేవారేమో. మామూలు వంతెన అయితే బావకు ఏ లోటూ లేదు.

తాత్పర్యము

కట్టదగినదే. తిరుపతి గంట కోసం కాదు, గాజు కోసం అంతకన్నా కాదు. ఊళ్లను ముంచి కరెంటు తీసుకున్నవారు ఆ ముంపు గట్లను కలపడం నాలుగు దశాబ్దాలుగా బాకీ. ఈ బాకీని ‘అభివృద్ధి’ ఖాతాలో రాసుకుని లాభనష్టాలు బేరీజు వేయడమే చర్చను పక్కదారి పట్టించింది. అడవి ముక్కలో పులికి దారి విడవడం, రాత్రి గేటు, అలుగు మీద ముందస్తు తీర్పు, ఇవి షరతులు. ఒడ్డుపల్లెలవారికి టోలు ఉండకూడదు. పడవ కిరాయి కంటే టోలు ఎక్కువైతే పడవే నడుస్తుంది.

ఛందస్సు: ఆటవెలది. మొదటి పాదంలో యతి ‘గీత’ దగ్గర పడింది. యతి అంటే విరామం. ఈ పథకం కూడా చాలా ఏళ్లు అక్కడే ఆగింది.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని పొద్దున చదివినవారికి కొల్లాపూర్ రోడ్డు మీద ప్లాటు ధర పెరుగుతుందని రియల్ ఎస్టేటు సంప్రదాయం. మధ్యాహ్నం చదివినవారికి పడవ దొరుకుతుంది. రాత్రి 9 దాటాక చదివేవారు కర్నూలు మీదుగా పోవలెను.